పదకొండూ ముప్పై నాలుగు

మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక కాగితం ఉంటుంది. ప్రతి జనవరిలో మావారు పద్మనాభం పాతది తీసేసి కొత్తది రాసి అయస్కాంతం కింద పెట్టేవారు. ఆ ఏడాది ఐర్లండులో జరగబోయే గేలిక్ ఫుట్‌బాల్ ఆటల తేదీలు, వాటి పక్కన మా మిషిగన్ టైము. అక్కడి టైములోంచి అయిదు గంటలు తీసేస్తే ఇక్కడి టైము. ఇప్పుడున్నది 2012 నాటి కాగితం. అందులో ఒక పంక్తి: "మార్చి 17, క్లబ్ ఫైనల్, 11:00."

ఆ మార్చి పదిహేడునే ఆయన పోయారు. ఆ తర్వాత కొత్త కాగితం ఎవరూ రాయలేదు.

నేను నోవైలో ఒక మిడిల్ స్కూల్లో లెక్కలు చెబుతాను. ఆయన ట్రాయ్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా పనిచేసేవారు. అమెరికా రాకముందు, 2000 నుంచి మూడేళ్లు, ఐర్లండు నడిమధ్యన అథ్లోన్ అనే చిన్న ఊళ్లో ఉన్నాం. ఊరి మధ్యలోంచి నది పోతుంది. రోజూ వాన. మేము అద్దెకున్న ఇంటి వెనక ఆటస్థలం ఉండేది. ఒక ఆదివారం వానలో గొడుగు పట్టుకుని ఆయన అక్కడ నిలబడ్డారు. ఆ రోజే ఆయనకి ఆ ఆట పట్టుకుంది.

చేతులతోనూ కాళ్లతోనూ ఆడే ఆట అది. గోలు స్తంభాల మధ్య, అడ్డకర్ర పైనుంచి బంతి పోతే ఒక పాయింటు, అడ్డకర్ర కింది నుంచి వలలో పడితే మూడు. ఎవరికీ జీతాలుండవు. ఆడేవాళ్లు రైతులు, ఎలక్ట్రీషియన్లు, బడిపంతుళ్లు. "ఇవాళ బురదలో దొర్లిన ఆ గోల్‌కీపరు రేపు పొద్దున్నే నీలాగే హాజరు తీసుకుంటాడు" అని నాతో అనేవారు. నాకు ఆ ఆట మీద ఆసక్తి కలగలేదు. కలిగినట్టు నటించనూ లేదు.

అథ్లోన్‌లో ఆయనతో పాటు పనిచేసిన ధర్మారావు కూడా తర్వాత మిషిగన్ వచ్చాడు. వరంగల్ మనిషి. ఆయన్ని అన్న అంటాడు, నన్ను వదిన అంటాడు. ముఖ్యమైన ఆట ఉన్నప్పుడల్లా ఇద్దరూ డెట్రాయిట్‌లోని ఒక ఐరిష్ క్లబ్బుకి వెళ్లి లైవ్ చూసేవారు. రికార్డు చేసుకుని తీరిగ్గా చూడొచ్చు కదా అంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. అయిపోయిన ఆట చూడడం దిద్దేసిన పేపరు మళ్లీ దిద్దడం లాంటిదని నన్ను ఉడికించేవారు. మార్చి పదిహేడు ఐరిష్ వాళ్ల పండగ. ఆ రోజు ఐర్లండులోని ఊరి క్లబ్బులన్నిటిలోకీ గట్టి రెండు జట్లు డబ్లిన్‌లో ఫైనల్ ఆడతాయి. ఆ రోజుకి మాత్రం నేను పులిహోర చేసి స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చేదాన్ని.

హాఫ్ టైమ్‌లో ఆయన నాకు ఫోన్ చేసి స్కోరు చెప్పేవారు. ఆట అయిపోయాక మా అమ్మాయి చంద్రికకి. చంద్రిక ఏన్ ఆర్బర్‌లో చదువుతోంది. అది నిజంగానే వినేది. నేను ఊఁ కొడుతూ పనిచేసుకునేదాన్ని.

2012లో మార్చి పదిహేడు శనివారం. ముందురోజు సాయంత్రం నేను ఆయనతో ఒక మాట అన్నాను. సోమవారానికి డెబ్బై పేపర్లు దిద్దివ్వాలి, ఈసారి హాఫ్ టైమ్‌లో ఫోన్ చెయ్యకండి అని. ఆయన నవ్వి, సరే టీచరుగారూ అన్నారు.

మర్నాడు పదకొండూ ముప్పై నాలుగుకి ఫోన్ మోగింది. బల్ల మీద, పేపర్ల పక్కనే ఉంది. ఆయన పేరు చూశాను. చెప్పినా వినరు కదా అనుకున్నాను. కట్ చేశాను. మళ్లీ ఎర్రపెన్ను తీసుకున్నాను.

ఒంటి గంట దాటాక ధర్మారావు ఫోన్ చేశాడు. ఆట రెండో సగంలో ఆయన కుర్చీలోంచి ఒరిగిపోయారు. అంబులెన్సు వచ్చేసరికే అయిపోయింది.

తర్వాత చంద్రిక వాళ్ల నాన్న ఫోను చూసి, నీకు పదకొండున్నరకి కాల్ చేశాడు, మాట్లాడావా అని అడిగింది. ఫోను పైన ఛార్జింగులో పెట్టాను, వినపడలేదు అన్నాను. అది నన్ను పట్టుకుని, పోనీలేమ్మా, స్కోర్ చెప్పడానికే అయుంటుంది అంది. ఆటలో ఒక సగం అరగంట, పైన ఆగిన నిమిషాలు కొన్ని. పదకొండుకి మొదలైన ఆటకి పదకొండూ ముప్పై నాలుగు సరిగ్గా హాఫ్ టైము. ఆ మాటే ఏడాది పాటు నన్ను నిలబెట్టింది. నేను కట్ చేసింది ఒక స్కోరుని మాత్రమే. అలా అనుకుంటూ స్కూలుకి వెళ్లాను, వచ్చాను, మంచు ఎత్తిపోసుకున్నాను.

ఒక్క విషయం ఇక్కడే ఒప్పుకోవాలి. పదకొండుకి మొదలైన ఆట పన్నెండుంబావుకల్లా అయిపోవాలి. ఆయన ఒరిగిపోయింది ఒంటిగంట ప్రాంతంలో అని ఆసుపత్రి కాగితంలో ఉంది. ఆటలో ఉండగానే అని ధర్మారావు చెప్పాడు. లెక్కల టీచరుని. తీసివేత చేసుంటే ఒక్క నిమిషంలో తేడా తెలిసేది. చెయ్యలేదు.

*

ఈ ఏడాది మార్చి పదిహేడు ఆదివారం పడింది. రెండ్రోజుల ముందు ధర్మారావు ఫోన్ చేసి, క్లబ్బుకి పోతున్నా, మీరు కూడా వస్తారా వదినా అని అడిగాడు. రానన్నాను. అతను బలవంతపెట్టలేదు, టైము కూడా చెప్పలేదు. ఆదివారం పొద్దున లేచి, ఎందుకో చింతపండు నానబెట్టాను. పులిహోర కలిపాక డబ్బాలో పెట్టడం తప్ప ఇంకేం చెయ్యాలో తోచలేదు. ఫ్రిజ్ మీద పాత కాగితం చూశాను. ఏటా అదే తేదీ, టైమూ అదే అయుంటుంది అనుకున్నాను. ఆయన చివరిసారి కూర్చున్న చోటు చూడాలి, ఆ ఆట మొదలవడం చూడాలి, హాఫ్ టైమ్‌కి పదకొండూ ముప్పై నాలుగు కావడం నా కళ్లతో చూడాలి. అంతకంటే ఏమీ కోరుకోలేదు.

క్లబ్బు వెనక పార్కింగ్‌లోకి వెళ్లేసరికి పదకొండుకి పది నిమిషాలు తక్కువ. మూలల్లో నల్లబడ్డ మంచు కుప్పలు ఇంకా ఉన్నాయి. ఆకుపచ్చ టోపీలు పెట్టుకున్నవాళ్లు గుంపులుగా లోపలికి పోతున్నారు. గోడ పక్కన ధర్మారావు కారు ఉంది. ఇంజను ఆన్‌లో ఉంది. లోపల అతనొక్కడే కూర్చున్నాడు.

నేను అద్దం మీద తట్టాను. అతను ఉలిక్కిపడి తలుపు తీశాడు.

"వదినా, మీరొచ్చిన్రా. చలిల నిలబడకండి, కూసోండి."

ఎక్కి కూర్చున్నాను. డబ్బా ఒళ్లో పెట్టుకున్నాను. అతను దాని వంక చూసి చూపు తిప్పుకున్నాడు. ఉషా వాళ్లు బాగున్నారా అని అడిగాను. బాగున్నారన్నాడు. ఉష అతని భార్య. ఆట మొదలయ్యే టైమైంది కదా, లోపలికి పోదామా అన్నాను.

"ఇంకో గంట ఉన్నది వదినా. పన్నెండుకి."

"పదకొండుకి కదా? ఈ ఏడు మార్చారా?"

"ఎప్పటి సందో పన్నెండే. మీకు అన్న చెప్పలేదా?" అన్నాడు.

చెప్పలేదు. అతను చెప్పాడు. 2007 నుంచి అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారమే ఒక గంట ముందుకి జరుగుతున్నాయి. ఐర్లండులో నెలాఖరుకి గానీ జరగవు. ఈ మధ్యలో రెండు మూడు వారాలు తేడా అయిదు గంటలు కాదు, నాలుగే. అక్కడి నాలుగు గంటలు ఇక్కడ పన్నెండు. అది తెలియక ఆ మొదటి ఏడాది ఇద్దరూ గంట ముందే వచ్చి, లోపల ఇంకేదో ఆట నడుస్తుంటే తెల్లబోయి, కార్లో కూర్చుని పులిహోర తిన్నారు. రెండో ఏడాది మళ్లీ అదే పొరపాటు.

"మూడో ఏడు నేను చెప్పిన. అన్నా, నాలుగు గంటలే తీసెయ్యాలె అని. తెలుసురా, కాగితం మీద పదకొండే ఉండనీ అన్నడు. ఆ గంట మనదేరా అన్నడు. ఇంట్ల పని లేదు, ఆఫీసు లేదు, ఆట గూడ లేదు. ఊకెనే కూసునేది. అప్పటి సంది తెలిసే వస్తున్నం."

అతను చిన్నగా నవ్వాడు. నేను నవ్వలేదు. నా మనసు ఆ తీసివేత చేస్తోంది. ఆట పన్నెండుకి. ఫోను పదకొండూ ముప్పై నాలుగుకి. అప్పటికి ఆట మొదలవడానికి ఇంకా ఇరవై ఆరు నిమిషాలుంది. చెప్పడానికి స్కోరే లేదు.

కారు హీటరు గాలి మొహానికి తగులుతోంది.

"ధర్మారావు గారూ, ఆ రోజు పదకొండున్నరకి ఆయన నాకు ఎందుకు ఫోన్ చేశారు?"

అతను స్టీరింగ్ పట్టుకున్నాడు. కారు ఎక్కడికీ పోవడం లేదు. ముందున్న గోడ చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో నేను ఏమీ అడగలేదు. క్లాసులో పిల్లవాడు తప్పు ఒప్పుకునేటప్పుడు మధ్యలో మాట్లాడితే ఆగిపోతాడు.

ఆ రోజు ఇదే చోట కారు ఆపారు. ఆయన డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేశారు. ఛాతీలో మంటగా ఉందన్నారు. దవడ రుద్దుకున్నారు. ఆట ఇంకా మొదలు కాలే, అప్పుడే టెన్షనా అన్నా అని ధర్మారావు ఎగతాళి చేశాడు. ఆయన కూడా నవ్వారు. తర్వాత, పొద్దున బీపీ మాత్ర వేసుకున్నానో లేదో గుర్తు లేదు, ఉమని, అంటే నన్ను, అడుగుతానని ఫోన్ తీశారు.

"ఒక్కసారి మోగి ఆగింది. మీరు పైన ఉన్నరు, వినలే గద. పేపర్లు దిద్దుతుంటది పాపం, పోనీ అన్నడు. డాక్టర్ దగ్గరికి పోదమా అని అడిగిన వదినా. గ్యాస్ అయుంటదిరా అన్నడు. ఒక్కసారే అడిగిన. రెండోసారి అడగలే. గంట టైముండె మాకు. ఆసుపత్రి పది నిమిషాలు."

వారం మొత్తానికి సరిపడా మాత్రలు ఏడు గదుల ప్లాస్టిక్ డబ్బాలో నేనే సర్దేదాన్ని. వంటగదిలో, నేను పేపర్లు దిద్దుకుంటున్న బల్లకి నాలుగడుగుల దూరంలో ఉండేది. ఆ రాత్రి ఆసుపత్రి నుంచి వచ్చాక శనివారం గది మూత తెరవకుండా ఉండడం చూశాను. చూసి, సొరుగులో పెట్టేశాను. ఆ ఒక్క మాత్ర వల్ల ఏమీ మారేది కాదని డాక్టరు అనేవారేమో. నేను అడగలేదు. కానీ ఫోను ఎత్తి ఉంటే అడిగేదాన్ని, మంట ఎక్కడ అని. దవడ అంటే ఊరుకునేదాన్ని కాదు. మా స్కూల్లో ఏటా ఆగస్టులో టీచర్లకి గుండెపోటు గుర్తులు నేర్పుతారు.

"ఆయన పులిహోర తిన్నారా?" అని అడిగాను.

"లేదు. మొత్తం నేనే తిన్న. మిగిలిస్తే మీకు తెలుస్తదని. క్లబ్బుల నల్లా కింద డబ్బా గూడ కడిగిన."

కడిగిన డబ్బా నాకు గుర్తుంది. ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ ఒక్కసారి కూడా కడిగి ఇవ్వలేదు. అప్పుడు నేను దాని గురించి ఆలోచించలేదు. ఇప్పుడు అతను నా వైపు తిరిగి కూర్చున్నాడు. నేనేదో అనాలని ఎదురుచూస్తున్నాడు. తిట్టాలనో, పోనీలే అనాలనో.

అతను తన తప్పు చెప్పేశాడు. నాది చెప్పడానికి అదే సరైన సమయం. ఫోను పైన లేదు, నా చేతి పక్కనే ఉంది, పేరు చూసే కట్ చేశాను అనాలి. నోరు తెరిచాను. "లోపల చోటు దొరుకుతుందా?" అన్నాను.

*

హాలు కిక్కిరిసి ఉంది. గోడకి పెద్ద తెర. ఎవరో ముసలాయన ధర్మారావుని చూసి చెయ్యి పైకెత్తి, నన్ను చూసి టోపీ తీశాడు. ఆ మనిషికి నేనెవరో తెలుసునని అర్థమైంది. గోడవారగా ఉన్న రెండు కుర్చీలు ఖాళీ చేయించాడు. వాటిలో ఆయనది ఏదో నేను అడగలేదు, ధర్మారావు చెప్పలేదు.

పన్నెండు దాటగానే బంతి పైకి లేచింది. ఒకటి డబ్లిన్ నగరంలోని జట్టు. రెండోది అథ్లోన్ పక్కన, నదికి పడమటి ఒడ్డున ఉన్న పల్లె జట్టు. పోయినేడాది ఆడింది తూర్పు ఒడ్డు వాళ్లట. ఆ ఫైనల్ డ్రాగా ముగిసి, రెండు వారాల తర్వాత మళ్లీ ఆడారట. అది కూడా ఇప్పుడే తెలిసింది. ఆయన పోయిన రోజు ఎవరూ గెలవలేదు.

మొదటి పావుగంటలోనే డబ్లిన్ వాళ్లు రెండు గోల్స్ కొట్టారు. హాలు మూగబోయింది. పల్లె జట్టు పిల్లలు తలలు దించుకోలేదు. ఒక్కో పాయింటూ కొడుతూ దగ్గరికి రావడం మొదలుపెట్టారు. పాయింటుకి తెల్లజెండా ఊపుతారు, గోలుకి పచ్చజెండా. తెల్లజెండా లేచిన ప్రతిసారీ ధర్మారావు మోకాలి మీద వేలితో కొట్టుకుంటున్నాడు. వీళ్లలో సోమవారం పొద్దున హాజరు తీసుకునేవాడు ఎవడో అని వెతికాను. ఇంతకాలం ఆయన పక్కన కూర్చుని ఒక్కసారైనా ఎందుకు చూడలేదో నాకు చెప్పుకోదగిన కారణం దొరకలేదు.

విజిల్ ఊదారు. గోడ మీద గడియారం చూశాను. పన్నెండూ ముప్పై నాలుగు.

ఇదీ హాఫ్ టైము. నేను ఏడాదిపాటు పట్టుకుని వేలాడిన టైముకి సరిగ్గా ఒక గంట తర్వాత.

ధర్మారావు ఫోన్ తీసి ఉషకి స్కోరు చెప్పాడు. హాలులో ఇంకా చాలామంది ఫోన్లు తీశారు. ఇళ్లకి చేసుకుంటున్నారు. అతను ఫోను పెట్టేసి, ఏదో నిర్ణయించుకున్నట్టు నా వైపు వంగాడు.

"ఆ రోజు ఇదే టైముకి అన్న గూడ ఫోన్ తీసిండు వదినా. మీ పేరు దాకా పోయి ఆగిండు. వద్దన్నది గద అని నవ్వి జేబుల పెట్టుకున్నడు."

సరే టీచరుగారూ అన్నారు కదా. మాట నిలబెట్టుకున్నారు. చెప్పినా వినరు అని నేను కట్ చేసిన ఫోను నేను వద్దన్న ఫోను కాదు. నేను వద్దన్న ఫోను ఆయన చెయ్యనే లేదు.

లేచి నిలబడ్డాను. ఏమైంది అన్నాడు ధర్మారావు.

"చంద్రికతో మాట్లాడాలి. తర్వాత మీతో కూడా."

వెనక తలుపు తోసుకుని పార్కింగ్‌లోకి వచ్చాను. కోటు లోపలే మర్చిపోయాను. మొదటి రింగ్‌కే చంద్రిక ఎత్తింది.

"అమ్మా? నువ్వు క్లబ్‌లో ఉన్నావా? ఉషా ఆంటీ టెక్స్ట్ చేసింది. స్కోర్ ఎంత?"

స్కోరు చెప్పాను. గోల్స్ ముందు, పాయింట్లు తర్వాత, వాళ్ల నాన్న చెప్పే వరసలోనే. ఓ, అంత బ్యాడ్ కాదు, వాళ్లు విన్ అవ్వచ్చు అంది. దాని గొంతులో చాలా రోజుల తర్వాత కాస్త హుషారు వినపడింది. అది పోగొట్టబోతున్నాను.

"చంద్రికా, ఆ రోజు నాన్న ఫోన్ చేసింది స్కోరు చెప్పడానికి కాదు. అప్పటికి ఆట మొదలు కాలేదు. ఒంట్లో బాగాలేక చేశారు." ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు. "నా ఫోను పైన ఛార్జింగులో లేదు. నా పక్కనే ఉంది. నాన్న పేరు చూసి నేనే కట్ చేశాను. నీకు అబద్ధం చెప్పాను."

లోపల హాలులో ఒక్కసారిగా అరుపులు లేచాయి. రెండో సగం మొదలైనట్టుంది.

"ఎందుకు ఇప్పుడు చెప్తున్నావ్?" అంది చివరికి. ఆ గొంతులో కోపం ఉందో, ఏడుపు ఉందో నాకు తెలియలేదు.

"టైము ఇవాళే తెలిసింది. నేను చేసింది మాత్రం ఆ రోజే తెలుసు."

"నాన్న అప్పుడు... హీ వజ్ స్కేర్డ్?"

ధర్మారావు చెప్పిందంతా చెప్పాను. మంట, దవడ, మాత్ర, పులిహోర. ఏదీ మెత్తబరచలేదు, ఏదీ కలపలేదు. అది మధ్యలో ఒక్కసారే మాట్లాడింది, ఆగమ్మా అని. ఆగాను. కాసేపటికి, చెప్పు అంది. మళ్లీ చెప్పాను. హాఫ్ టైమ్‌లో ఫోన్ తీసి మళ్లీ జేబులో పెట్టుకోవడం దాకా అంతా చెప్పేశాను.

తలుపు తెరుచుకుంది. ధర్మారావు నా కోటు తెచ్చి భుజాల మీద వేసి, ఏమీ అడగకుండా లోపలికి వెళ్లిపోయాడు. తలుపు మూసుకునేలోపు ఆ చప్పుడంతా బయటికి వచ్చి ఆగిపోయింది. పడమటి ఒడ్డు వాళ్లు చివరి క్షణాల్లో ఒక్క పాయింటు తేడాతో గెలిచారని తర్వాత విన్నాను. రెండో సగం నేను చూడలేదు.

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని మంచు కుప్ప పక్కన నిలబడ్డాను. చంద్రిక ఊపిరి వినపడుతోంది. నన్ను క్షమించినట్టు అది ఏమీ అనలేదు. అనమని నేను అడగలేదు. ఇద్దరిలో ఎవరం ఫోను పెట్టెయ్యలేదు.